నీళ్ల పప్పు వెనక ముప్పై ఏళ్ల లెక్క

బడిలో మధ్యాహ్న భోజనం పప్పు పలచబడితే ఊరంతా ముందుగా వంటామెనే అంటుంది, గరిటె ఆమె చేతిలో ఉంటుంది కాబట్టి. కానీ ఆ పప్పులో చాలావరకు నీళ్లు పోసింది బిల్లుల పద్ధతి. వరంగల్, ములుగు, భూపాలపల్లి దిక్కు బడుల్లో ఈ గొడవ ఎందుకు తెగదో తెలియాలంటే 1995 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడు ఆగస్టు 15న కేంద్రం ప్రాథమిక బడి పిల్లల పోషణకు పథకం తెచ్చింది. చాలా రాష్ట్రాల్లో అది భోజనం కాలేదు, బియ్యం పంపిణీగానే సాగింది. 80 శాతం హాజరుంటే నెలకు 3 కిలోలు, అంటే పూటకు 100 గ్రాముల చొప్పున. ఇంటికి చేరిన బియ్యం ఇంటి కుండలోనే కలుస్తాయి. అందులో బడి పిల్ల వాటా ఎంతో ఎవరూ తూచరు. మధ్యాహ్నం బడిలో ఆకలి మాత్రం అట్లనే ఉండేది.

కరువు ఒకవైపు, గోదాముల్లో మూలుగుతున్న ధాన్యం ఒకవైపు ఉన్న 2001లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. నవంబర్ 28న కోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది: కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి 200 రోజులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడి పొయ్యి వెలిగింది. 2006లో ప్రాథమిక స్థాయికి కొలత 450 కేలరీలు, 12 గ్రాములకు పెరిగింది.

పొయ్యి వెలిగిన తీరులోనే చిక్కుంది. వంట బాధ్యత ఎక్కువగా ఊళ్లోని మహిళా సంఘాలకు అప్పగించారు. వాడుకలో అదే ‘ఏజెన్సీ’. బియ్యం సర్కారువి. పప్పు, నూనె, కూరగాయలు, ఉప్పు కారం, కట్టెలో గ్యాసో ఏజెన్సీ ముందుగా తెచ్చుకోవాలి. తిన్న పిల్లల సంఖ్య రాసి పంపితే బిల్లు తర్వాత వస్తుంది. ఆ ‘తర్వాత’ ఎన్ని నెలలైతే కిరాణా ఖాతా అంత పొడుగవుతుంది.

కొలతలు చూడండి. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఒక్కో పిల్లకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఆరు నుంచి ఎనిమిదికి 150, 30, 75, 7.5. అరవై మంది చిన్నపిల్లల బడికి రోజుకు 6 కిలోల బియ్యం, కిలోంబావుకు కాస్త తక్కువగా, అంటే 1.2 కిలోల పప్పు, 3 కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె. ఇందులో బియ్యం నుంచి పిల్లకు 7 గ్రాములకు పైగా మాంసకృత్తులు, పప్పు నుంచి 4 గ్రాముల పైచిలుకు వస్తాయి. పప్పు సగం చేస్తే పళ్లెం నిండుగానే కనిపిస్తుంది కానీ 12 గ్రాములు 10 దగ్గర ఆగిపోతాయి. కడుపు నిండినా బలం రాకపోవడమంటే ఇదే.

వంట ఖర్చు కింద చిన్న తరగతుల పిల్లకు రోజుకు 2022 అక్టోబర్‌లో 5.45 రూపాయలు, 2024 డిసెంబర్ నుంచి 6.19, 2025 మే నుంచి 6.78. కందిపప్పు కిలో 150 ఉన్నప్పుడు 20 గ్రాములకే 3 రూపాయలు. కూరగాయలు కిలో 40 అయితే 2 రూపాయలు. నూనెకు 70 పైసలు. మిగిలిన రూపాయితో చింతపండు, కారం, పసుపు, పొయ్యి. టమాట ధర ఎగబాకిన వారం ఆ రూపాయి కూడా మిగలదు. అప్పుడు ముందు తగ్గేది పప్పు. ఎందుకంటే నీళ్లు పోస్తే గిన్నె నిండుతుంది. బియ్యంతో ఆ వీలు లేదు.

గుడ్డు సంగతీ అంతే. వారానికి మూడు గుడ్లన్నది తెలంగాణ లెక్క. ఒక్క గుడ్డు 6 గ్రాముల మాంసకృత్తులిస్తుంది, పళ్లెంలోని పప్పు ఇచ్చేదానికన్నా ఎక్కువ. చలికాలంలో గుడ్డు ధర ఎక్కడం ఏటా ఉండేదే, బిల్లులో ధర మాత్రం కదలదు. మూడో గుడ్డు ఆ నెలల్లోనే మాయమవుతుంది.

2015 జనవరి నుంచి దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వచ్చాయి. పిల్లలు తినడం పెరిగే మార్పే, అయితే పాత కొలతతో నీళ్లు పోస్తే, అందులోనూ కొత్త బియ్యమైతే, అన్నం ముద్దవుతుంది. ఆ తర్వాత బలవర్ధక బియ్యం వచ్చాయి: వంద గింజలకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన గింజ. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలితే ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేస్తున్నారు. పారేసేది అసలు మందునే. ఎక్కువసార్లు కడగొద్దు, గంజి వార్చొద్దు.

వారానికోసారి ఇచ్చే ఐరన్ గోలీకి కూడా భోజనంతో ముడి ఉంది. పత్తి, మిర్చి ఏరే రోజుల్లో తల్లులు తెల్లారకముందే చేనుకు పోతారు, పిల్ల చాయ్ తాగి బడికొస్తుంది. పరగడుపున గోలీ వేస్తే వాంతి, మరుసటి వారం ‘మా పిల్లకు వద్దు’ అంటారు. అన్నం తిన్నాకే వేయాలి, వెంటనే చాయ్ తాగనివ్వొద్దు.

ఇక వంటామె సంగతి. 25 మంది దాకా ఒకరు, వంద దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకు మరొకరు. 2009లో గౌరవ వేతనం నెలకు 1000గా పెట్టారు, అదీ ఏడాదికి 10 నెలలే. కేంద్రం లెక్కలో ఆ వెయ్యి అట్లనే ఉంది, తెలంగాణ 3000 చేసింది. కిరాణా దుకాణంలో అప్పు ఖాతా మాత్రం నేటికీ ఆమె పేరు మీదే నడుస్తోంది.