కాలస్ వస్తే మొక్క వచ్చినట్టేనా? వరి టిష్యూ కల్చర్‌లో అపోహలు - వాస్తవాలు

వరి టిష్యూ కల్చర్‌లో, అంటే కణజాలం నుంచి ల్యాబ్‌లో మొక్కలు పెంచే పనిలో, కొత్తగా చేరినవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇది: "మేడమ్, కాలస్ బ్రహ్మాండంగా వచ్చింది. రీజనరేషన్‌లో పెడితే ఒక్క మొక్కా రాలేదు. హార్మోన్ డోసు పెంచమంటారా?" కాలస్ అంటే ఇంకా వేరు, చిగురు ఏర్పడని కణాల ముద్ద. దాని నుంచి మొక్క రప్పించడం రీజనరేషన్. ముందు ఆ కాలస్ ప్లేటు చూపించమంటాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

అపోహ: కాలస్ ఎంత ఎక్కువ వస్తే అన్ని మొక్కలు వస్తాయి.

వాస్తవం: పొట్టు తీసి, స్టెరిలైజ్ చేసిన వరి గింజను లీటరుకు 2 మిల్లీగ్రాముల 2,4-డి (ఒక ఆక్సిన్ హార్మోన్) కలిపిన మీడియం, అంటే పోషకాల జెల్లీ మీద చీకట్లో ఉంచితే, మూడు నాలుగు వారాల్లో స్క్యుటెల్లమ్ (గింజలోని పిండంలో డాలులాంటి భాగం) నుంచి కాలస్ ఉబికి వస్తుంది. ఒకే గింజ మీద రెండు రకాలు పక్కపక్కనే ఉండొచ్చు. ఒకటి నీరు పట్టినట్టు మెత్తగా ఉంటుంది, ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే జారిపోతుంది. తొందరగా పెరుగుతుంది కాబట్టి చూపు దాని మీదకే పోతుంది. రెండోది లేత పసుపు రంగులో, ఆవగింజలు గుత్తిగా అతికించినట్టు బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. కదిపితే ఏ బుడిపెకా బుడిపె విడిపోతుంది. మొక్కలిచ్చేది ఇదే. సబ్‌కల్చర్ చేసేటప్పుడు, అంటే కొత్త మీడియంలోకి మార్చేటప్పుడు, మొదటి రకాన్ని పారేయాలి. అంత పెరిగినదాన్ని పారేయడానికి మనసొప్పదు, నిజమే. కానీ ప్లేటు నిండుగా ఉందని దాన్నే ఉంచుకుంటే చివరికి గోధుమరంగు ముద్ద మిగులుతుంది. మంచి కాలస్ అయినా నెలల తరబడి సబ్‌కల్చర్ చేస్తూ పోతే మొక్కనిచ్చే శక్తి తగ్గిపోతుంది.

అపోహ: మొక్కలు రాకపోతే సైటోకైనిన్ (చిగుళ్లు రప్పించే హార్మోన్) పెంచాలి.

వాస్తవం: వేర్లు రావాలా, చిగుళ్లు రావాలా అన్నది ఆక్సిన్, సైటోకైనిన్‌ల నిష్పత్తిని బట్టి ఉంటుందని స్కూగ్, మిల్లర్ 1957లో పొగాకు కణజాలంలో చూపించారు. వరికీ అది అవసరమే, కానీ అదొక్కటే చాలదు. జపాన్ శాస్త్రవేత్తలు మొక్కలు సరిగా ఇవ్వని కోషిహికారి అనే వరి రకాన్ని, బాగా ఇచ్చే కాసలత్ రకంతో సంకరం చేసి వెతికితే, 2005లో బయటపడిన ముఖ్యమైన జన్యువు నైట్రైట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ది. నత్రజని సమ్మేళనమైన నైట్రైట్‌ను మార్చేసే ఎంజైమ్ అది. ఈ ఎంజైమ్ తక్కువగా ఉన్న కాలస్‌లో నైట్రైట్ పేరుకుని విషమవుతుంది. చిక్కు నత్రజని దగ్గర ఉంటే హార్మోన్ ఎంత పెంచి ఏం లాభం? వరిలోని రెండు పెద్ద వర్గాల్లో ఇండికా కష్టం, జపోనికా సులువు అని అలవాటుగా అంటాం. చాలావరకు నిజమే, కానీ ఇక్కడ మొండికేసిన కోషిహికారి జపోనికాయే.

హార్మోన్ జోలికి వెళ్లే ముందు నేను కాలస్‌ను కాస్త ఆరబెడతాను. ఖాళీ పెట్రీ డిష్‌లో స్టెరైల్ ఫిల్టర్ పేపర్ పరిచి, దాని మీద కాలస్ ముక్కలు పెట్టి, సీల్ చేసి ఒకట్రెండు రోజులు ఉంచడమే. ముక్కలు ముడుచుకుపోతాయి. చచ్చిపోయాయేమోనని మొదటిసారి చేసేవాళ్లకు టెన్షన్. వాటిని రీజనరేషన్ మీడియం మీద వెలుతురులో పెట్టి చూడండి, పచ్చ చుక్కలు ఆ ముడుచుకున్న ముక్కల మీదే తేలతాయి.

అపోహ: టిష్యూ కల్చర్ మొక్క అంటే జీఎం (జన్యుమార్పిడి) మొక్క.

వాస్తవం: కాదు. బయటి జన్యువును చేర్చితేనే జీఎం. ఆ పనికి టిష్యూ కల్చర్ అవసరమవుతుంది కాబట్టి రెండూ ఒకటేనని పొరబడుతుంటారు.

అపోహ: టిష్యూ కల్చర్ మొక్కలన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి.

వాస్తవం: కాలస్ దశ దాటి వచ్చినవాటిలో ఎత్తు, పూతకొచ్చే కాలం, గింజ కట్టడం మారవచ్చు. దీనికి సోమాక్లోనల్ వేరియేషన్ అని 1981లో లార్కిన్, స్కోక్రాఫ్ట్ పేరు పెట్టారు. పుప్పొడి తిత్తుల నుంచి మొక్కలు తీసే ఆంథర్ కల్చర్‌లో ఇంకో బాధ ఉంది, పత్రహరితం లేని తెల్ల మొక్కలు. మీడియంలో చక్కెర ఉన్నంతకాలం బతుకుతాయి, మట్టిలో బతకవు. ఎన్నిసార్లు చూసినా వాటిని పారేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: వేర్లొచ్చాయంటే ఇక కుండీలో పెట్టేయొచ్చు.

వాస్తవం: సీసాలో తేమకు అలవాటుపడ్డ ఆకుకు పైన మైనపు పొర పల్చగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగా మూసుకోవు. నేరుగా బయటపెడితే గంటల్లో వాడిపోతుంది. వేర్లకు అంటిన అగర్‌ను (మీడియం జెల్లీని) పూర్తిగా కడగాలి, అందులోని చక్కెరకు ఫంగస్ పట్టేస్తుంది. పైన పాలిథీన్ కవరు కప్పి, రోజుకు కొంచెం కొంచెంగా తెరవాలి. బయటి గాలిలో కొత్త ఆకు ఒకటి విచ్చుకునేదాకా నేను కవరు పూర్తిగా తీయను.