పాల జ్వరం, కాల్షియం, హార్మోన్లు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి చుట్టుపక్కల, ఇటు కాశీనగర్ నుంచి అటు పాతపట్నం దాకా, పాడి ఉన్న ఇళ్ళల్లో జెర్సీ సంకర ఆవులే ఎక్కువ. అవి మూడో ఈతకో నాలుగో ఈతకో వచ్చాక పశువైద్యుడిగా నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "నిన్న ఈనిందండి, పొద్దున్నుంచి లెగట్లేదు." చాలాసార్లు ఇది పాల జ్వరమే, అంటే ఈనాక రక్తంలో కాల్షియం తగ్గిపోయి ఆవు పడిపోవడం. సరిగ్గా చూసుకుంటే వీటిలో చాలావరకు రాకుండా ఆపొచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చూడి చివరి నెలలో కాల్షియం బాగా తాగిస్తే ఈనాక పడిపోదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. ఆవు ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో ఉంటుంది. రక్తంలో తిరిగేది పెద్ద ఆవుకైనా మొత్తం మీద 3 గ్రాములకు అటూ ఇటూ. లీటరు జున్నుపాలలో దాదాపు 2 గ్రాముల కాల్షియం పోతుంది. ఈనిన రోజు 8 లీటర్లు పితికారంటే 16 గ్రాములు బయటికి వెళ్ళిపోయినట్టే. రక్తంలో ఉన్నది ఎన్నిసార్లు ఖాళీ కావాలో మీరే లెక్క వేసుకోండి.

అయినా చాలా ఆవులు నిలబడుతున్నాయంటే కారణం మెడలో ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు. రక్తంలో కాల్షియం కాస్త తగ్గగానే అవి పారాథార్మోన్ అనే హార్మోనును వదులుతాయి. అది మూత్రంలో పోయే కాల్షియాన్ని మూత్రపిండాల్లోనే ఆపుతుంది, ఎముకల్లోంచి కొంత బయటికి తీయిస్తుంది. విటమిన్ డి ని పనిచేసే రూపంలోకి మార్చమని మూత్రపిండాలకు చెప్పేదీ అదే. ఆ విటమిన్ డి వల్లే పేగులు మేతలోని కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. మూత్రపిండాలు వెంటనే స్పందిస్తాయి కానీ అక్కడ మిగిలేది కొద్దే. పేగులు అందుకోవడానికి దాదాపు ఒక రోజు, ఎముకలకు రెండు రోజులు పడుతుంది.

నెల రోజులు బాటిళ్ళకు బాటిళ్ళు తాగిస్తే ఈ గ్రంథులకు పనుండదు. తీరా ఈనేసరికి, పని లేదని కూలీలను ఇంటికి పంపేసిన రైసు మిల్లు ముందు ధాన్యం లారీలు వరసగా వచ్చి నిలబడినట్టు అవుతుంది. కాబట్టి ఈనడానికి ముందు మూడు వారాలు కాల్షియం టానిక్కులు ఆపండి. అలసంద, లూసర్న్ లాంటి పప్పుజాతి మేత తగ్గించండి. మినరల్ మిక్చర్‌లో కూడా కాల్షియం ఉంటుంది, ఆ మూడు వారాలకు ఏది వాడాలో డాక్టర్ని అడగండి. ఈనిన రోజు నుంచి మాత్రం కాల్షియం ఇవ్వాల్సిందే.

అపోహ: జ్వరమే కదా, జ్వరం ఇంజక్షన్ చాలు.

థర్మామీటరు పెట్టి చూడండి. మామూలుగా 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండాల్సింది 98, 99కి దిగి ఉంటుంది. చెవులు చల్లగా, ముట్టె పొడిగా ఉంటాయి, మెడ డొక్క వైపు తిరిగిపోతుంది. కండరాలకు కాల్షియం అందక వచ్చిన స్థితి ఇది. జ్వరం మందుతో పనేమీ లేదు, పోయేది విలువైన సమయం.

అపోహ: సున్నపు తేట పోస్తే లేస్తుంది.

లీటరు తేటలో కరిగి ఉండే కాల్షియం ఒక గ్రాము కూడా ఉండదు. అంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. పడిపోయిన ఆవు సరిగ్గా మింగలేదు. గొట్టంతో పోసింది ఏదైనా ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాతో చనిపోతుంది. నిలబడి, మింగగలిగే ఆవుకే నోటి ద్వారా ఇవ్వాలి.

అపోహ: నరానికి పెట్టే కాల్షియం బాటిల్ ఎంత త్వరగా ఎక్కితే ఆవు అంత త్వరగా లేస్తుంది.

కాల్షియం వేగంగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. అందుకే స్టెతస్కోప్ గుండె మీద పెట్టి, ఒక్కో బాటిల్‌ని కనీసం పది, పదిహేను నిమిషాలు తీసుకుని ఎక్కిస్తాం. "ఇంకా ఎంతసేపండీ" అని పక్కన నిలబడ్డవాళ్ళు టెన్షన్ పడతారు, వాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ ఆ సమయంలో ఆవునే చూడండి. ముందు తొడ కండరాలు సన్నగా వణుకుతాయి. తర్వాత త్రేన్పు వస్తుంది, పేడ వేస్తుంది. పొడిగా ఉన్న ముట్టె మీద చెమట బొట్లు పుడతాయి. ఆ బొట్లు కనబడ్డాక నాకు ధైర్యం వస్తుంది.

లేచాక పని అయిపోయిందనుకోవద్దు. రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పెరిగితే పారాథార్మోన్ తగ్గిపోతుంది. దానికి తోడు థైరాయిడ్ నుంచి కాల్సిటోనిన్ వస్తుంది. 1962లో కనుగొన్న ఈ హార్మోను కాల్షియాన్ని కిందికి దించే రకం. అందుకే కొన్ని ఆవులు మర్నాటికి మళ్ళీ పడతాయి. లేచి నిలబడి మింగగలుగుతుంటే నోటి ద్వారా కాల్షియం జెల్ ఇవ్వాలి. మొదటి రోజు పొదుగు పూర్తిగా పిండెయ్యకండి, దూడకు సరిపడా తీయండి.

అపోహ: ఎండలో కడితే విటమిన్ డి వచ్చి తగ్గిపోతుంది.

మన ఎండలకు విటమిన్ డి ముడిరూపం కొరత మామూలుగా ఉండదు. దాన్ని పనిలోకి దించే హార్మోను సమయానికి రావడమే సమస్య. డి ఇంజక్షన్లు ఇష్టానికి వేస్తే రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో సున్నం పేరుకుంటుంది.

అపోహ: చూడి ఆవుకు నేపియర్ గడ్డి ఎంత కోసి వేస్తే అంత బలం.

పేడనీళ్ళు పారించి పెంచిన నేపియర్‌లో పొటాషియం ఎక్కువ. అది రక్తాన్ని క్షార గుణం వైపు తోస్తుంది. అప్పుడు పారాథార్మోన్ వచ్చినా ఎముకలు, మూత్రపిండాలు దాని మాట సరిగ్గా వినవు. మెగ్నీషియం తక్కువైతే ఆ హార్మోను విడుదలే తగ్గిపోతుంది. చివరి వారాల్లో నేపియర్ తగ్గించి వరిగడ్డి పెంచండి. రక్తాన్ని కాస్త ఆమ్ల గుణం వైపు మళ్ళించే లవణాలూ ఉన్నాయి. అవి డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.

అపోహ: మొదటి రెండు ఈతల్లో రాలేదు, ఇక రాదు.

వయసుతో పాటు ఎముకల్లోంచి కాల్షియం తీసే కణాలు తగ్గుతాయి, పేగుల్లో విటమిన్ డి ని అందుకునే గ్రాహకాలూ తగ్గుతాయి. జెర్సీ జాతికి ఆ గ్రాహకాలు మొదటినుంచే తక్కువ. మీ ఆవు మూడో ఈతకు సిద్ధమవుతుంటే, లేదా పోయిన ఈతలో ఒకసారి పడి ఉంటే, ఈనే తేదీకి మూడు వారాల ముందే మీ డాక్టరుకు ఫోన్ చేయండి.