వందేళ్ల వరద వందేళ్లకోసారే వస్తుందా?

విపత్తుల రిస్క్ మీద పరిశోధన చేస్తానని చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "అయితే భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పండి!" తేదీ, సమయం ఎవరూ చెప్పలేరు. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1993లోపు వస్తుందని లెక్కగట్టిన భూకంపం 2004లో వచ్చింది. మిగతా అపోహల సంగతి చూద్దాం.

అపోహ: వందేళ్ల వరద మొన్ననే వచ్చిపోయింది, మన తరంలో ఇక రాదు.

వాస్తవం: అసలు ఆ పేరే తంటా. ఏ ఏడాదైనా అంతటి వరద వచ్చే అవకాశం 1 శాతం అని దాని అర్థం. నిరుడు వచ్చినా ఈ ఏడాదీ అదే 1 శాతం. 30 ఏళ్ల లోనుతో ఆ ముంపు పరిధిలో ఇల్లు కొన్నారనుకోండి. ఒక్కో ఏడాది తప్పించుకునే అవకాశం 0.99. దాన్ని 30 సార్లు హెచ్చవేస్తే సుమారు 0.74. అంటే లోను తీరేలోపు ఒక్కసారైనా ఆ నీళ్లు చూసే అవకాశం 26 శాతం. పైగా ఆ 1 శాతం కూడా పాత రికార్డుల నుంచి తీసిన అంచనాయే. ఎగువన అడవి పోయి కాంక్రీటు వస్తే అదీ మారిపోతుంది.

అపోహ: కరకట్ట కట్టారు, ఇక భయం లేదు.

వాస్తవం: చిన్న వరదల్ని ఆపుతుంది, నిజమే. ఆ ధీమాతోనే కట్ట వెనక ఇళ్లు, గోడౌన్లు లేస్తాయి. కట్ట తెగిన రోజు అవన్నీ నీళ్లలోనే. వరద దైవికం, వరద నష్టం మాత్రం చాలావరకు మనిషి చేతులారా తెచ్చుకున్నదేనని అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1945లోనే రాశారు.

అపోహ: భూకంపం ఎంత పెద్దదైతే అంత ప్రాణనష్టం.

వాస్తవం: 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది, ఫిబ్రవరిలో చిలీలో 8.8తో. శక్తిలో రెండోది సుమారు 500 రెట్లు. హైతీలో ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు 2 లక్షలు దాటారు, చిలీలో 500 పైచిలుకు. హైతీ భూకంపం రాజధాని పక్కనే వచ్చిందన్నదీ నిజం. కానీ అసలు తేడా కట్టడాల నాణ్యతలో ఉంది.

అపోహ: వరద ముంపు మ్యాప్‌లో మన చోటుకి రంగు లేకపోతే ముంపు లేనట్టే.

వాస్తవం: ఇలాంటి మ్యాప్‌లకు నీటి లోతు లెక్కగట్టేది కంప్యూటర్ మోడల్. ఒక వరద సర్వేలో ఒక ఇంటి దగ్గర మా మోడల్ మోకాలి లోతు అంది. ఆ ఇంటి గోడ మీద బురద చార నా ఛాతీ ఎత్తున ఉంది. తప్పు టేపుదేమోనని మూడుసార్లు కొలిచాను! కారణం ఇంటాయన రెండు నిమిషాల్లో చెప్పేశాడు: "రోడ్డు ఎత్తు పెంచారు సార్, తూము మాత్రం పాతదే." మా మోడల్‌కిచ్చిన నేల ఎత్తుల డేటా రోడ్డు పెంచకముందుది. అందులో రోడ్డు పెరిగిన ఎత్తు లేదు, చెత్తతో సగం మూసుకుపోయిన తూమూ లేదు. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు తూములు కొలిచి, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ తెరుస్తున్నాం.