కుళాయి ఇచ్చింది ఎవరు, అడగాల్సింది ఎవరిని

అనంతపురం జిల్లాలో మా ఊరి కుళాయికి రెండు రోజులు నీళ్లు రాకపోతే, ఆడవాళ్లు ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో వేస్తారు. మూడో రోజు సర్పంచ్ ఇంటి ముందు నిలబడతారు. ఆ పైపులు వేయించింది ఒక ట్రస్టు. ఆ ఫోటోను మోసేది ఒక అమెరికా కంపెనీ. ఓటేసి ఎన్నుకున్నది మాత్రం సర్పంచ్‌ని ఒక్కరినే.

కరువు సీమకు దానం కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమంది కడుపు నింపారు. విక్టోరియా రాణి బంగారు పతకం ఇచ్చి గౌరవించింది. తెల్లదొరల ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు అప్పట్లో జనానికి లేదు, దాత గడపే దిక్కు. ఓటు వచ్చాక ఆ లెక్క మారాల్సింది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో తాగునీటిని కూడా చేర్చింది. డబ్బు మాత్రం ఇవ్వలేదు. ఆ దశాబ్దంలోనే సత్యసాయి ట్రస్టు 700కు పైగా గ్రామాలకు నీళ్లు తెచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయిన మనుషుల్ని చూసినవాళ్లెవరూ ఆ మేలును చిన్నబుచ్చలేరు, నేనూ చిన్నబుచ్చను. కట్టాక పథకం ప్రభుత్వం చేతికి వచ్చింది. అందుకే ఈరోజు నీళ్లు రాకపోతే అడగడానికి మనిషి ఉన్నాడు.

దాత సొమ్ము మీద జనానికీ మాట ఉండాలన్న ఈ పట్టింపు అమెరికాలో వందేళ్ల కిందే వచ్చింది. ఉక్కు వ్యాపారి కార్నెగీ లైబ్రరీ కట్టించి ఇచ్చేవాడు, కానీ ఏటా నడిపే ఖర్చు ఊరే పన్నుల్లోంచి పెట్టాలని షరతు పెట్టేవాడు. చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ 1910లో తన దాన సంస్థకు (ఫౌండేషన్‌కు) జాతీయ స్థాయి చార్టర్, అంటే చట్టబద్ధమైన అనుమతి పత్రం, కోరితే, ఇంత సొమ్ము, ఇంత పలుకుబడి ఒకే చోట చేరితే ఎలా అని గొడవయింది. అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆమోదం దొరకలేదు. చివరికి 1913లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చుకున్నాడు.

టెక్నాలజీ సంపద వచ్చాక దానానికీ వ్యాపారానికీ మధ్య గట్టు చెరిగిపోయింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ మన దేశంలో ‘ఉచిత ఇంటర్నెట్’ మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పేదలకు సాయం అన్నారు. ఏ వెబ్‌సైట్లు ఉచితంగా తెరుచుకోవాలో మాత్రం వాళ్ల నిబంధనలే తేల్చేవి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీని మీద జనాభిప్రాయం అడిగినప్పుడు, ఫేస్‌బుక్ తన వేదిక మీదే ఒక ఉత్తరం తయారుచేసి పెట్టి లక్షలమంది చేత పంపించింది. అడిగిన ప్రశ్నలకు అందులో జవాబు లేదని ట్రాయ్ తప్పుపట్టింది, 2016 ఫిబ్రవరి 8న ఇలా ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో ధర పెట్టే పద్ధతిని నిషేధించింది. అది మామూలు జనం, ఇంజనీర్లు, విద్యార్థులు పట్టుబట్టి సాధించిన గెలుపు.

2020లో అదే ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ దంపతులు అమెరికా ఎన్నికల కార్యాలయాలకు దాదాపు 40 కోట్ల డాలర్లు ఇచ్చారు. కోవిడ్‌లో పోలింగ్ నడపడానికి ఆ డబ్బు నిజంగానే కావాల్సి వచ్చింది. అయినా తర్వాత 20కి పైగా రాష్ట్రాలు ఇలాంటి ప్రైవేటు డబ్బుకు అడ్డుకట్ట వేశాయి. 2024లో ట్విట్టర్ యజమాని మస్క్ ఎన్నికల మీద 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు. అక్కడ వేదికా ఆయనదే, డబ్బూ ఆయనదే.

మా ఊరి గ్రూపులో గత ఎన్నికలప్పుడు పింఛన్లు ఆగిపోతాయని ఒక ఆడియో వచ్చింది. తెల్లారేసరికి ముసలమ్మలు ఆధార్ కార్డులు కొంగున కట్టుకుని సచివాలయం మెట్ల మీద కూర్చున్నారు. అది అబద్ధమని అక్కడి ఉద్యోగులు మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నారు. గ్రూపు అడ్మిన్ ఆడియో తీసేశాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.