బిల్లసర్గం గుహలు: అపోహలు - వాస్తవాలు

నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరి ఈ సున్నపురాయి గుహలు చూడబోయేవాళ్ళ నోట తరచూ వినిపించే మాటలివి.

అపోహ: ఆదిమానవుడు గుహ లోలోపల కాపురముండేవాడు.

లోపల వెలుతురు ఉండదు, నిప్పు పెడితే పొగ బయటికి పోదు. మనుషులు ఎక్కువగా మసిలింది గుహ నోటి దగ్గరే. ఇప్పుడు మనవాళ్ళు టీ కాచుకోవడానికి మూడు రాళ్ళు పెట్టేదీ అక్కడే! అలా పెట్టకండి. కొత్త బొగ్గు పాత మట్టిలో కలిస్తే రేడియోకార్బన్ లెక్క (బొగ్గును బట్టి వయసు కట్టే పద్ధతి) తప్పుతుంది. కర్నూలు ప్రాంతపు ముచ్చట్ల చింతమాను గవిలో (గుహలో) బయటపడిన పొయ్యి సుమారు 17 వేల ఏళ్ళనాటిదని చెప్పగలిగింది, వేరే పద్ధతిలో పరీక్షించిన అక్కడి కాలిన మట్టి కదలకుండా ఉండబట్టే.

అపోహ: దొరికే ఎముకలు రాక్షసబల్లులవి, కాదంటే మనిషి తిని పారేసినవి.

రాక్షసబల్లులు 6.6 కోట్ల ఏళ్ళ కిందటే అంతరించాయి. ఇక్కడి ఎముకల పొరల వయసు సుమారు 2 లక్షల ఏళ్ళ లోపే. ఈ ప్రాంతపు తవ్వకాల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 ఉపఖండంలో ఇప్పటికీ ఉన్నాయని 2014లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

ఇక మనిషి సంగతి. ఏదుపందులు కాల్షియం కోసం ఎముకల్ని గుహలోకి ఈడ్చుకొచ్చి కొరుకుతాయి. వాటి పళ్ళ గాట్లు వెడల్పుగా, అడుగు చదునుగా, పక్కపక్కనే వరుసగా ఉంటాయి. రాతి పనిముట్టు గీత సన్నగా, లోతుకు పోయేకొద్దీ ఇరుకవుతుంది. పనిముట్టుగా వాడిన ఎముకైతే మొన దగ్గర అరిగి నునుపు తేలుతుంది. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వించినప్పుడు ఎముక పనిముట్లని చెప్పినవాటిలో కొన్నింటిపై తర్వాతి పరిశోధకులు అనుమానపడింది ఇలాంటి తేడాల వల్లే.

అపోహ: ఒక్క రాయి తెచ్చుకుంటే ఏం పోతుంది?

ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలియని రాతి పనిముట్టుకు వయసు కట్టలేం. కదపకుండా, సైజు తెలిసేలా పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి, లొకేషన్ నమోదు చేసి పురావస్తు శాఖకు పంపండి.

అపోహ: నీళ్ళు చల్లితే రాతి మీద రంగులతో వేసిన పాత బొమ్మలు బాగా కనిపిస్తాయి.

కర్నూలు ప్రాంతంలో ఇలాంటి బొమ్మలున్న కేతవరం లాంటి చోట్ల ఇదే పెద్ద బాధ. తడి ఆరేటప్పుడు రాతిలోని లవణాలు పైకి తేలి రంగును పెచ్చులుగా లేపేస్తాయి. మామూలుగా ఫోటో తీసి, ఫోనులో రంగులు పెంచి చూసుకోండి.

వెళ్ళేటప్పుడు మనిషికి రెండు టార్చిలు, గబ్బిలాల రెట్ట దుమ్ముకు ఎన్95 మాస్కు, తలకు హెల్మెట్ ఉండాలి. కాగడాలు వద్దు, మసి గోడలకు అంటుకుంటే పోదు. వర్షాకాలంలో వెళ్ళకండి.