వేటలో లెక్కకు రానివారు

'మీ ఇంట్లో వేటకు వెళ్లేదెవరు?' అని సర్వేకు వచ్చినవారు అడిగితే, చిన్నతరహా మత్స్యకార కుటుంబాల్లో చాలాచోట్ల పడవెక్కే మగవాడి పేరే చెబుతారు. సముద్రం వెనక్కి తీసిన రెండు మూడు గంటల్లో, చీలమండ లోతు నీళ్లలో వంగి, రాతి సందుల్లోకి ఇనుప చువ్వ పోనిచ్చి గుల్లలనూ పీతలనూ ఆక్టోపస్‌లనూ పట్టి బుట్ట నింపుకొచ్చే స్త్రీ కూడా తాను చేసింది వేట అనుకోకపోవచ్చు. 'ఇంట్లోకి నాలుగు ఏరుకొచ్చాను' అంటుంది. ఆమె పట్టింది రేవులో తూకానికి రాదు కనుక గణాంకాల్లోకి ఎక్కడం అరుదు.

2020లో వెలువడిన ఒక అంచనా ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా చిన్నతరహా సముద్ర వేటలో సుమారు 21 లక్షల మంది స్త్రీలు స్వయంగా పాల్గొని, ఏటా 29 లక్షల టన్నుల దాకా పట్టుకొస్తున్నారు. ఎండబెట్టడం, పొగబెట్టడం, అమ్మడం వంటి పనులనూ, ఇంటి తిండి కోసం సాగే వేటనూ, నదులూ సరస్సులనూ కూడా కలుపుకొని 2023లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ), డ్యూక్ విశ్వవిద్యాలయం, వరల్డ్‌ఫిష్ అనే మత్స్య పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన నివేదికలో స్త్రీల సంఖ్య 4.5 కోట్లకు చేరింది. వేట అనే మాటకు హద్దు ఎక్కడ గీశారన్నదే ఈ తేడాకు ప్రధాన కారణం.

ఇది కేవలం అంకెల తగువు కాదు. చేపలు పెరగాలని తీరానికి ఆనుకున్న రాతి దిబ్బల్లో వేటను ఆపేస్తే, పడవ ఉన్నవాడు మరింత దూరం పోగలడు. నడిచి వెళ్లి ఏరుకునేవారికి ఆ దూరం అందదు. ఇక చేపలు తగ్గినప్పుడు వాటిని కొనేవారి మధ్య పోటీ ఎవరిమీద పడుతుందో తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు చుట్టూ జరిగిన అధ్యయనాలు చూపించాయి: కెన్యా ఒడ్డున 'జబోయా' అని పిలిచే ఏర్పాటులో, సరుకు దక్కడం కోసం కొందరు స్త్రీ వ్యాపారులు డబ్బుతోపాటు వేటగాడితో లైంగిక సంబంధానికీ ఒప్పుకోవలసి వస్తోంది. ధరలను మాత్రమే నమోదు చేసే సర్వేకు ఈ బేరం దొరకదు.

అయితే స్త్రీలను అదనంగా లెక్కపెట్టినంత మాత్రాన లింగదృష్టి, అంటే ఆడ, మగ అన్న తేడా పనినీ బతుకునూ ఎలా మలుస్తుందో చూసే చూపు, వచ్చేసినట్టు కాదని నా అభిప్రాయం. తుఫాను హెచ్చరిక ఉన్నా కడలికి వెళ్లకపోతే పరువు పోతుందనుకునే మగవాడి సంగతీ ఆ చూపుతో చేసే పరిశోధనలో భాగమే. అందుకే కొందరు పరిశోధకులు 'మీరేం పనిచేస్తారు?' అని అడగడం మాని, నిన్న తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు ఇంట్లో ఒక్కొక్కరూ ఏ గంటకు ఏం చేశారో విడివిడిగా చెప్పిస్తారు. అప్పుడు వల బాగుచేసిన సాయంత్రాలు, ఐసు కోసం నిలబడిన గంటలు, పడవ ఖర్చులకు తెచ్చిన అప్పు బయటికొస్తాయి. కూలి ముట్టని ఆ గంటలకు ఎంత విలువ కట్టాలన్న దగ్గర మాత్రం వారిలో వారికే ఏకాభిప్రాయం లేదు.