పేపర్ రాని రోజు ఏం పోతుంది?

1945 జూన్ ఆఖర్లో న్యూయార్క్‌లో పేపర్లు చేరవేసే కార్మికులు సమ్మెకు దిగారు. ఎనిమిది పెద్ద దినపత్రికలు ఇళ్లకూ స్టాళ్లకూ చేరడం ఆగిపోయింది. జపాన్‌తో యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులవి. రెండు వారాలకు పైగా సాగిన ఆ సమ్మెలో నగర మేయర్ లా గార్డియా రేడియో ముందు కూర్చుని, పిల్లలు నిరాశపడకూడదని ఆదివారం బొమ్మల కథల్ని అభినయిస్తూ చదివి వినిపించాడు.

బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడికి ఇది అరుదైన అవకాశం. మామూలు రోజుల్లో పేపర్ ఎందుకు చదువుతారని అడిగితే ఎవరైనా ‘లోకంలో ఏం జరుగుతోందో తెలియాలి కదా’ అంటారు. అందులో నిజమెంతో, బాగుంటుందని చెప్పిందెంతో తేల్చడం కష్టం. చేతిలో పేపర్ లేనప్పుడు అడిగితే జవాబు వేరుగా ఉంటుంది. ఆయన బృందం కొన్ని పదుల మందిని కూర్చోబెట్టి వివరంగా మాట్లాడించింది. ముఖ్యమైన వార్తలు తెలియకుండా పోతున్నాయని చాలామంది వాపోయారు. ఏ వార్త అని అడిగితే మాత్రం ఎక్కువమంది తడుముకున్నారు. ఇంకాస్త మాట్లాడిస్తే అసలు సంగతులు బయటికొచ్చాయి. రేడియో కార్యక్రమాల పట్టిక, వాతావరణం, దుకాణాల ప్రకటనలు, చావు కబుర్లు, నలుగురిలో మాట కలపడానికి ఒక విషయం. వీటన్నిటితో పాటు, రోజూ ఆ వేళకు చేతిలో ఉండేది లేకపోతే కలిగే వెలితి. ఈ అధ్యయనం 1949లో అచ్చయింది.

అందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది దాని పద్ధతి. వార్తల ప్రభావాన్ని కొలవడం ఎందుకంత కష్టమంటే, వార్తలు చదివేవాళ్లూ చదవనివాళ్లూ ముందు నుంచే వేరు వేరు మనుషులు. చదువులో, ఆదాయంలో, రాజకీయాల మీద ఆసక్తిలో తేడా ఉంటుంది. పేపర్ చదివేవాళ్లు ఎక్కువగా ఓటేస్తున్నారంటే అది పేపర్ మహిమా, లేక ఓటేసే స్వభావం ఉన్నవాళ్లే పేపర్ కొనుక్కుంటున్నారా? సర్వేలు ఎన్ని చేసినా ఈ ముడి వీడదు. అదే, పాఠకుడి ఇష్టంతో సంబంధం లేకుండా వార్త ఆగిపోతే ఒక దారి దొరుకుతుంది. ఏది లోపించిందో తెలుసు కాబట్టి, దాని వల్ల ఏం మారిందో వెతకొచ్చు.

2018లో కొందరు ఆర్థికవేత్తలు ఇదే పని కావాలని చేశారు. హంట్ ఆల్కాట్, మాథ్యూ జెంట్జ్‌కోవ్, వాళ్ల సహచరులు అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు కొంతమందికి డబ్బులిచ్చి నాలుగు వారాల పాటు ఫేస్‌బుక్ ఖాతా ఆపించారు. ఎవరిది ఆపించాలో లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు. ఖాతా ఆపినవాళ్లకు ఆ నెలలో వార్తల గురించిన వాస్తవాలు తక్కువగా తెలిశాయి. వాళ్ల మధ్య రాజకీయ విభేదాల తీవ్రత కూడా తగ్గింది. మనసు కాస్త నెమ్మదించింది, ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో గడిపే సమయం పెరిగింది. ప్రయోగం ముగిశాక కూడా చాలామంది మునుపటంత వాడలేదు. సోషల్ మీడియా మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తీర్పు కోరేవాళ్లకు ఈ ఫలితం చిక్కుగానే ఉంటుంది. తెలివిడి, తగాదా రెండూ ఒకే దారిలో వస్తున్నాయని ఇది చెబుతోంది మరి.

అయితే ఈ రెండు అధ్యయనాలూ పాఠకుడి వైపు నుంచే చూశాయి. వార్త అనేది చదివేవాడి బుర్రలో మాత్రమే పనిచేస్తుందని అనుకుంటే అక్కడితో ఆగిపోవచ్చు. మీడియా పరిశోధన రంగం చాలాకాలం అలాగే అనుకుంది కూడా.

1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని మే నుంచి నవంబర్ దాకా మళ్లీ మళ్లీ కలిసింది. రూజ్వెల్ట్, విల్కీల మధ్య అధ్యక్ష ఎన్నికలు జరుగుతున్న ఏడాది అది. ప్రచారం, పత్రికలు, రేడియో కలిసి ఓట్లను ఎలా తిప్పుతాయో చూడాలని వాళ్ల ఉద్దేశం. తిరిగిన ఓట్లు చాలా తక్కువ. ఎక్కువమంది ముందే ఒక వైపు ఉన్నారు, తమ వైపు మాటలే చదివారు, విన్నారు. మనసు మార్చుకున్న కొద్దిమంది మీద పేపర్ కంటే తెలిసినవాళ్ల మాట ఎక్కువగా పనిచేసింది. దాంతో మీడియా ప్రభావం అంతంత మాత్రమే అనే అభిప్రాయం స్థిరపడి, ఇరవై ఏళ్లకు పైగా రాజ్యమేలింది.

నిజానికి ఆ ఫలితంలో తప్పేం లేదు, అడిగిన ప్రశ్నే ఇరుకైనది. వార్త ఓటును మార్చిందా అని అడిగారు తప్ప, దేని గురించి ఆలోచిస్తూ ఓటేశారో అడగలేదు. 1968లో మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షా నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో, ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను పట్టుకుని దేశంలో ముఖ్యమైన సమస్యలేంటని అడిగారు. వాళ్లు చూసే పత్రికల్లో, టీవీలో ఏ సమస్యకు ఎంత చోటు దక్కిందో లెక్కేశారు. రెండు జాబితాలూ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి. 1972లో అచ్చయిన ఈ పరిశోధనతో ‘ఎజెండా సెట్టింగ్’, అంటే జనం దేని గురించి ఆలోచించాలో మీడియా ఖాయం చెయ్యడం, అనే మాట వాడుకలోకి వచ్చింది.

ఇక్కడా అదే పాత ముడి. ప్రజలకు పట్టిన సమస్యలనే పత్రికలు రాస్తున్నాయేమో కదా? దీన్ని విప్పడానికి శాంటో అయ్యంగార్, డొనాల్డ్ కిండర్ 1980ల మొదట్లో ఓ తెలివైన పని చేశారు. కొంతమందిని వరసగా కొన్ని రోజులు పిలిచి, ముందు రోజు రాత్రి టీవీలో వచ్చిన వార్తలని చెప్పి చూపించారు. ఆ బులెటిన్‌లో గుట్టుగా మార్పులు చేశారు. ఒక బృందం చూసేదాంట్లో రక్షణ గురించిన కథనాలు అదనంగా చేర్చారు, ఇంకో బృందానికి కాలుష్యం గురించినవి. వారం తిరిగేసరికి ఎవరికి ఏది ఎక్కువ చూపించారో, చాలావరకు అదే వాళ్లకు పెద్ద సమస్యగా కనిపించింది. దేశాధ్యక్షుణ్ణి బేరీజు వేయమంటే, అదే సమస్యలో ఆయన పనితీరును ఎక్కువగా లెక్కలోకి తీసుకున్నారు. ఎవరి అభిప్రాయాన్నీ తల్లకిందులు చెయ్యలేదు, తూకపు రాయి మార్చారంతే.

మరి ఆ రాయిని రోజూ ఎవరు ఎంచుతున్నారు? డేవిడ్ మానింగ్ వైట్ 1949 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒక చిన్న నగరపు పత్రికలో, బయటి వార్తా సంస్థలు పంపే వార్తలు చూసే ఎడిటర్‌ను ఒక సాయం కోరాడు. వారం పాటు పక్కన పడేసిన ప్రతి కాపీ మీద కారణం రాసిపెట్టమన్నాడు. ఆ ఎడిటర్ అసలు పేరు బయటపెట్టకుండా ‘మిస్టర్ గేట్స్’ అన్నాడు. వచ్చినదాంట్లో సుమారు పదో వంతు మాత్రమే అచ్చయింది. మిగతావాటి మీద రాసిన కారణాల్లో చాలావరకు ‘చోటు లేదు’ లాంటివే. కానీ అక్కడక్కడా ‘ప్రచారం’ అనీ, ‘ఆత్మహత్యల వార్తలు నాకు నచ్చవు’ అనీ కూడా ఉన్నాయి. వార్తను చంపాలని ఎవరూ పన్నాగం పన్నలేదు. డెడ్‌లైన్ దగ్గరపడుతోంది, పేజీ నిండిపోయింది, అంతే. ఆ ఊరి పాఠకులకు మాత్రం ఆ తొంభై పాళ్ల వార్తలు అసలు లేనట్టే.

పత్రికల పక్షపాతం గురించి మనం గంటలు గంటలు వాదించుకుంటాం. ఆ వాదనలో మన కళ్ల పాత్ర కూడా ఉందని 1985లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో పాలస్తీనా శరణార్థుల మీద జరిగిన మారణకాండ గురించిన ఒకే టీవీ వార్తల్ని ఇజ్రాయెల్ వైపు, అరబ్బుల వైపు ఉన్న విద్యార్థులకు వేస్తే, ఇరు పక్షాలూ అవి తమకే వ్యతిరేకంగా ఉన్నాయన్నాయి. అచ్చయిన వార్త మీద కనీసం ఇలా పోట్లాడుకోవచ్చు. అచ్చు కానిదాని గురించి ఫిర్యాదు చెయ్యడానికి ఎవరికీ ఏమీ తెలియదు. నా దృష్టిలో మీడియా పరిశోధన చేసిన అసలైన మేలు, ఈ కనిపించని వైపుకు లెక్క కట్టడం.

ఆ లెక్కల్లో అన్నిటికంటే కలవరపెట్టేది థామస్ ఐజెన్సీ, డేవిడ్ స్ట్రాంబర్గ్ 2007లో ప్రచురించిన పరిశోధన. 1968 నుంచి 2002 దాకా ప్రపంచంలో జరిగిన దాదాపు 5,000 ప్రకృతి విపత్తుల్ని వాళ్లు తీసుకున్నారు. వాటిలో వేటికి అమెరికా ప్రభుత్వం సాయం చేసింది, వేటికి చెయ్యలేదు అన్నది చూశారు. టీవీలో ఎక్కువగా కనిపించిన విపత్తుకే ఎక్కువ సాయం అందిందంటే సరిపోదు, పెద్ద విపత్తు కాబట్టే టీవీలోనూ వచ్చింది, సాయమూ వచ్చిందని ఎవరైనా అనొచ్చు. కాబట్టి విపత్తు తీవ్రతతో ఏ సంబంధమూ లేకుండా వార్తల్ని పక్కకు నెట్టేసేది ఒకటి కావాలి. వాళ్లకు దొరికింది ఒలింపిక్స్.

భూకంపం ఒలింపిక్స్ తేదీలు చూసుకుని రాదు. కూలిన ఇంటి కింద ఉన్న మనిషి అవసరం, ఎక్కడో పరుగు పందెం జరుగుతోందని తగ్గదు. టీవీ బులెటిన్‌లో మాత్రం నిమిషాలు పరిమితం. ఆ నిమిషాల్ని ఆటలు ఆక్రమించిన రోజుల్లో వచ్చిన విపత్తులు వార్తల్లోకి తక్కువగా ఎక్కాయి, వాటికి అమెరికా సాయం అందే అవకాశమూ తగ్గింది. వార్తల్లో ఏ విపత్తుకు ఎంత విలువ దక్కుతుందో కూడా వాళ్లు లెక్కగట్టారు. అగ్నిపర్వతం పేలి ఒకరు చనిపోతే ఆ ఘటన వార్తల్లోకి వచ్చే అవకాశం ఎంతో, అంత అవకాశం దక్కాలంటే తిండి కొరతతో దాదాపు 40 వేల మంది చనిపోవాలి. అదే తరహా విపత్తు తూర్పు యూరప్‌లో కాక ఆఫ్రికాలో వస్తే, సమానమైన చోటు కోసం 40 రెట్ల మంది చావాలి. అగ్నిపర్వతానికి దృశ్యం ఉంది, క్షణం ఉంది. ఆకలి నెలల తరబడి సాగుతుంది, కెమెరా ముందు పెట్టడానికి ఒక ‘ఇవాళ’ ఉండదు.

ఇక్కడ ప్రేక్షకుల అభిప్రాయం మారిందా లేదా అన్న ప్రశ్న దాదాపు పక్కకు పోయింది గమనించండి. వార్త ఓటరును కదిలించాల్సిన పనిలేదు. ఇది జనం కంటపడింది అని అధికారంలో ఉన్నవాళ్లకు అనిపిస్తే చాలు. ఇది విదేశీ సాయానికే పరిమితమూ కాదు. టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ 1958–1992 మధ్య భారతదేశంలోని 16 పెద్ద రాష్ట్రాలను పరిశీలించారు. పంట దెబ్బతిన్నప్పుడు, వరదలు వచ్చినప్పుడు ఆహార ధాన్యాల పంపిణీ, విపత్తు సాయం విషయంలో పత్రికల సర్క్యులేషన్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల ప్రభుత్వాలే చురుగ్గా స్పందించాయి. ఆ ప్రభావం ఇంగ్లిష్, హిందీ పత్రికల కంటే మిగతా ప్రాంతీయ భాషల పత్రికల్లోనే కనిపించడం నాకు ఎంతో అర్థవంతంగా తోస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాన్ని నిలదీసే ఓటరు చదివేది ఆ పత్రికలే కదా.

అలాంటి పత్రిక మూతపడితే? ఇలాంటి అధ్యయనాల్లో ఉండే చిక్కేంటంటే, పత్రికలు ఊరికే మూతపడవు. ఊరి ఆర్థిక పరిస్థితి దిగజారితే పత్రికా దిగజారుతుంది, రాజకీయాలూ మారతాయి. అమెరికాలోని సిన్సినాటి నగరంలో వచ్చిన సిన్సినాటి పోస్ట్ అనే పత్రిక కథ ఇందుకు మినహాయింపు. పోటీ పత్రికతో కుదుర్చుకున్న 30 ఏళ్ల ఒప్పందం గడువు తీరడంతో అది 2007 డిసెంబర్ 31న ఆఖరి సంచిక తీసింది. ఆ తేదీ మూడు దశాబ్దాల ముందే ఖాయమైంది, కాబట్టి అప్పటికప్పుడు ఊళ్లో వచ్చిన మార్పుల వల్ల పోయిందనడానికి వీల్లేదు. అప్పటికి దాని సర్క్యులేషన్ 27 వేలు, అంటే చిన్న పత్రికే.

శామ్ షుల్‌హోఫర్-వోల్, మిగెల్ గరీడో ఆ పత్రిక మీద బాగా ఆధారపడ్డ, నగరానికి ఆనుకుని పొరుగు రాష్ట్రం కెంటకీలో ఉన్న శివారు పట్టణాలను తర్వాతి ఎన్నికల్లో గమనించారు. మున్సిపల్ పదవులకు పోటీ చేసేవాళ్లు తగ్గారు. ఉన్న కౌన్సిలర్లే మళ్లీ గెలిచే అవకాశం పెరిగింది. పోలింగ్ తగ్గింది. మిగిలిన పోటీ పత్రిక కొంతకాలం ఆ పట్టణాల వార్తలు ఎక్కువగా వేసినా ఇలా జరిగింది. చూసినవి కొన్ని పట్టణాలే కాబట్టి అంకెల్లో కచ్చితత్వం తక్కువని పరిశోధకులే చెప్పారు. మిగతా ప్రభావాలు కాలంతో పాటు పలచబడ్డా, తగ్గిన పోలింగ్ 2010 దాకా కోలుకోలేదు.

పెంజీ గావ్, చాంగ్ లీ, డెర్మాట్ మర్ఫీ ఇదే విషయాన్ని అప్పుల వైపు నుంచి చూశారు. అమెరికాలో మున్సిపాలిటీలు, కౌంటీలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి. స్థానిక పత్రిక మూతపడ్డ కౌంటీల్లో ఈ అప్పుల మీద వడ్డీ 0.05 నుంచి 0.11 శాతం పాయింట్ల మేర పెరిగిందని వాళ్లు 2020లో చూపించారు. కౌన్సిల్ మీటింగ్‌లో వెనక కూర్చుని, కాంట్రాక్టు ఎవరికి వెళ్లిందో, జీతాల ఖర్చు ఎందుకు పెరిగిందో రాసుకునే విలేఖరి లేడు. డబ్బు పెట్టేవాడికి ఆ ఊరి లెక్కల మీద నమ్మకం సడలుతుంది, ఆ రిస్కుకు ధర కడతాడు. పది కోట్ల డాలర్ల అప్పు మీద అది ఏటా 50 వేల నుంచి లక్షా పది వేల డాలర్ల దాకా అదనపు వడ్డీ.

ఆ వడ్డీ ఊరందరి పన్నుల్లోంచి వెళుతుంది. ఏళ్ల తరబడి చందా కట్టినవాళ్లూ కడతారు, ఒక్క రోజూ ఆ పేపర్ కొననివాళ్లూ కడతారు. పత్రిక నడిచినన్నాళ్లూ ఆ రెండో వర్గానికి దక్కిన ఆదా మాత్రం ఏ చందా లెక్కలోనూ కనిపించదు. పాఠకులిచ్చే డబ్బుతోనే స్థానిక విలేఖరి జీతం గిట్టుబాటు కాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.